కట్ట విప్పారా? ఒకటి, రెండు తరగతుల పుస్తకాలు పిల్లలదాకా చేరాయో లేదో చూసే పద్ధతి

నేను సీఆర్పీగా (కొన్ని బడులను చుట్టి చూసే క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌గా) తిరిగిన రోజుల్లో ఒక ఆగస్టు నెలలో ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లాను. స్టాక్ రిజిస్టర్ అద్దంలా ఉంది. వచ్చిన తేదీ, టైటిల్, సంఖ్య, హెచ్ఎం సంతకం, ఏదీ వదల్లేదు. పై ఆఫీసు లెక్కలో ఆ బడికి పుస్తకాలన్నీ చేరినట్టే. రెండో తరగతిలోకి వెళ్లి పిల్లల పక్కన కింద కూర్చుని, "మీ కథల కార్డులు చూపిస్తారా?" అని అడిగాను. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూలనున్న ఇనప బీరువా తీయించాం. కింది అరలో, పాత పరీక్ష పేపర్ల వెనక, ప్లాస్టిక్ తాడు బిగించిన కట్ట వచ్చింది వచ్చినట్టే ఉంది. పైనున్న చీటీ మీద బడి పేరు, సంఖ్య స్కెచ్ పెన్నుతో రాసి ఉన్నాయి. తాడు కూడా తెంచలేదు. ఆ టీచరమ్మ పని ఎగ్గొట్టే మనిషేమీ కాదు. "చింపేస్తారు సార్, రేపు ఆడిట్‌లో నన్నే అడుగుతారు" అంది, కళ్లు దించుకుని.

ఆ రోజు నుంచి నేను రిజిస్టర్ ముందు అడగడం మానేశాను. మొదట పిల్లల చేతిలో ఏముందో చూస్తాను. తర్వాత టీచర్ బల్ల, ఆ తర్వాత బీరువా, ఆపైన రిజిస్టర్, చివరికి ఎమ్మార్సీ, అంటే మండల వనరుల కేంద్రం. ఈ వరుస తిరగేస్తే కాగితం చూసి తృప్తిపడి ఇంటికొచ్చేస్తాం. మీరు ఎస్ఎంసీ (స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ) సభ్యులైనా, బడికి పిల్లల్ని పంపే తల్లో తండ్రో అయినా, ఊరి యువజన సంఘంలో ఉన్నా, కొత్తగా చేరిన సీఆర్పీ అయినా ఈ పని చేయగలరు. ఒక బడికి ఒక పూట పడుతుంది. ఇక్కడ రాసిందంతా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల గురించి.

అడిగే హక్కు, అడిగే తీరు

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బడి ఎలా నడుస్తోందో గమనించే పనిని ఆ చట్టంలోని 21వ సెక్షన్ స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీకి అప్పగించింది. కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. ప్రతి బడిలో గ్రంథాలయం, అందులో కథల పుస్తకాలు ఉండాలని ఆ చట్టం షెడ్యూలులోనే ఉంది. కాబట్టి మొహమాటపడకుండా అడగండి.

కమిటీలో లేనివారు మాత్రం ముందే హెచ్ఎం గారిని కలిసి అనుమతి తీసుకోవాలి. తనిఖీ అనే మాట ఎత్తకండి. ఆ మాట వినగానే టీచర్లకు టెన్షన్ మొదలవుతుంది, ఆ ఒక్క పూటకి బీరువాలోవన్నీ బల్లల మీదికి వస్తాయి, మీరు వెళ్లగానే మళ్లీ లోపలికి పోతాయి. "పుస్తకాలు ఏమైనా తక్కువ పడ్డాయేమో చూసి, పడితే తెప్పిద్దామని వస్తున్నాం సార్" అనండి. మీరు వెళ్లేది నిజంగా అందుకే కదా.

ఎప్పుడు వెళ్లాలి

రెండు రాష్ట్రాల్లోనూ బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. మొదటి వారంలో వెళ్తే ఉపయోగం లేదు. పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట నడుస్తుంటుంది, ఒకటో తరగతిలో పిల్లలు ఇంకా చేరుతూనే ఉంటారు. జూన్ చివరి వారంలో ఒకసారి వెళ్లండి. ఆగస్టు మొదటి వారంలో రెండోసారి వెళ్లండి, అసలు కొరత బయటపడేది అప్పుడే. పుస్తకం రెండు భాగాలుగా వచ్చే తరగతులకు ఎస్ఏ-1 (మొదటి సమ్మేటివ్) పరీక్షలు అయ్యాక మూడోసారి వెళ్లాలి. మొదటి భాగం అందిందని అందరూ నిశ్చింతగా ఉంటారు, రెండో భాగాన్ని ఎవరూ అడగరు.

వెళ్లే ముందు ఒక కాగితం

యాప్ లాంటివేమీ అక్కర్లేదు. నోట్‌బుక్కులో ఒక పేజీ చాలు. ఎడమ పక్కన నిలువుగా వస్తువుల పేర్లు రాసుకోండి: తెలుగు వాచకం, ఇంగ్లిష్ రీడర్, వర్క్‌బుక్కులు, చదివే కార్డులు లేదా చార్టులు, లైబ్రరీ కథల పుస్తకాలు, టీచర్ల కరదీపిక (పాఠం ఎలా చెప్పాలో టీచర్‌కు చెప్పే పుస్తకం). పైన అడ్డంగా ఐదు గడులు గీయండి: పేరు నమోదైన పిల్లలు, ఈ రోజు వచ్చిన పిల్లలు, చేతిలో ఉన్నవి, బీరువాలో ఉన్నవి, రిజిస్టర్‌లో ఉన్నవి. పేజీ పైన బడి 11 అంకెల యూడైస్ కోడ్ (ప్రతి బడికీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) రాయండి. ఆంధ్రప్రదేశ్ అయితే 28తో, తెలంగాణ అయితే 36తో మొదలవుతుంది. ఒకే మండలంలో ఒకే పేరుతో రెండు మూడు బడులు ఉంటాయి, రేపు ఆఫీసులో మీ కాగితం మరో బడి ఖాతాలో పడకుండా ఈ నంబరే కాపాడుతుంది.

కొరత ఎందుకు వస్తుందో కూడా తెలిసి ఉంటే మంచిది. పుస్తకాల ఇండెంటు (ఎన్ని కావాలో పైకి పంపే లెక్క) సాధారణంగా గత ఏడాది నమోదు లెక్కను పట్టుకుని పెడతారు. రెండో తరగతి నుంచి ఈ లెక్క దాదాపు సరిపోతుంది, ఎందుకంటే నిరుటి ఒకటో తరగతి పిల్లలే ఈ ఏటి రెండో తరగతి. ఒకటో తరగతికి ఆ వీలు లేదు. ఇండెంటు పెట్టే నాటికి ఆ పిల్లలు బడిలోనే లేరు. ఎంతమంది చేరతారో అంచనా వేసి రాస్తారు. అంగన్‌వాడీ నుంచి ఈసారి పదిమంది కాక పదహారు మంది వస్తే ఆరుగురికి పుస్తకం ఉండదు. చదువు మొదలుపెట్టే తరగతికే కొరత ఎక్కువ పడే వీలుందన్న మాట. అందుకే ఐదు తరగతులూ చూసే తీరిక లేకపోతే ఒకటో తరగతి ఒక్కటైనా చూసి రండి.

తరగతి గదిలో

ముందు వరుసలో కూర్చున్నవాళ్లను అడగకండి. హాజరు పట్టీ తీసుకుని మూడో పేరు, ఆరో పేరు, తొమ్మిదో పేరు, ఇలా ఐదుగురిని పిలవండి. ఆ రోజు రానివారుంటే తర్వాతి పేరు. కుర్చీ వేయించుకోకుండా కింద కూర్చోండి. "నీ తెలుగు పుస్తకం తీసి చూపించమ్మా" అని మాత్రం అనండి.

పుస్తకం చేతికి తీసుకుని నెమ్మదిగా చూడండి. రోజూ తెరిచే పుస్తకం తెలిసిపోతుంది. కింది కుడి మూల మడతపడి కాస్త నల్లబడి ఉంటుంది. ఎక్కడో ఒక బొమ్మకు పెన్సిలుతో మీసాలు మొలిచి ఉంటాయి. మధ్యలో కుట్టు వదులై, బల్ల మీద పెడితే దానంతటదే తెరుచుకుంటుంది, అదీ వాళ్లు చదువుతున్న పాఠం దగ్గరే. మీరు వస్తున్నారని నిన్న సాయంత్రం పంచిన పుస్తకం అలా ఉండదు. తెరవగానే వీపు పటపటమంటుంది, ప్రెస్సు వాసన పోదు, అక్కడక్కడా రెండు పేజీల అంచులు అంటుకుని ఉంటాయి. జూన్‌లో అయితే ఇది మామూలే. ఆగస్టులో ఇలా కనిపిస్తే రాసుకోండి.

తర్వాత పేజీ అడుగు చూడండి. ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఉచిత పంపిణీ అనే ముద్ర, విద్యా సంవత్సరం సాధారణంగా అక్కడే ఉంటాయి. పాత ఏడాది వేసి ఉంటే అది పై తరగతి పిల్లల దగ్గర తీసుకుని సర్దిన పుస్తకం. పాఠాలు మారకపోతే వాచకం విషయంలో దానితో ఇబ్బంది లేదు, టీచర్ ముందుచూపుతో చేసిన పని అది. వర్క్‌బుక్ అయితే లోపల తెరిచి చూడాలి. నిరుడు చదివిన పిల్లవాడు గడులన్నీ నింపేసి ఉంటే ఈ ఏటి పిల్లకు అందులో రాసుకోవడానికి చోటే లేదు. దాన్ని చేరిన పుస్తకంగా లెక్కేయకండి.

"ఇంట్లో ఉంది" అనే జవాబు తప్పకుండా వస్తుంది. చాలాసార్లు నిజమే. కొత్త పుస్తకం చింపుతాడని అమ్మ అట్ట వేసి ట్రంకు పెట్టెలో దాస్తుంది, పిల్లవాడు పలక పట్టుకుని బడికొస్తాడు. దీనికి రిజిస్టర్‌లో ఏ గడీ లేదు కాబట్టి ఎవరి లెక్కలోకీ రాదు. ఇలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు తేలితే తల్లుల సమావేశంలో ఒక మాట చెప్పమని హెచ్ఎం గారిని అడగండి. చిరిగినా పరవాలేదు, బడికి పంపండి అని టీచర్ నోటి నుంచి వింటేనే తల్లులకు ధైర్యం.

చివరగా ఆ పిల్లనే, వాళ్లు చదువుతున్న పేజీలో నాలుగు మాటలు చదవమనండి. ఇది పరీక్ష కాదు, మార్కులు వేయొద్దు, పేరు రాయొద్దు, ఫోన్ తీసి వీడియో పట్టొద్దు. పుస్తకం ఆ బిడ్డ స్థాయికి అందుతోందా అని చూడటానికే. అక్షరాలు పలుకుతుందా, మాటలు చదువుతుందా, చిన్న పేరా చదువుతుందా, కథ చదివి చెప్తుందా, ఈ నాలుగింటిలో ఎక్కడుందో మీకే అర్థమవుతుంది. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021 జూలై 5న ప్రారంభించిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతి బిడ్డ నిమిషానికి 45 నుంచి 60 మాటలు చదవాలని ఉంది. చేతిలో చదవదగ్గ కాగితమే లేకుండా ఆ లక్ష్యం గురించి టీచర్‌ను నిలదీయడం నాకు న్యాయంగా అనిపించదు.

టీచర్ బల్ల దగ్గర

ఇంటర్వెల్‌లోనో, మధ్యాహ్న భోజనం తర్వాతో మాట్లాడండి. పిల్లల ముందు వద్దు. కరదీపిక ఉందా అని అడిగితే చాలామంది ఫోన్ చూపిస్తారు. వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ వచ్చి ఉంటుంది. రెండు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పే ఏకోపాధ్యాయుడు చిన్న స్క్రీన్ మీద అంత పెద్ద పీడీఎఫ్ జరుపుకుంటూ పాఠం చెప్పలేడు. పీడీఎఫ్ అందింది అని పక్కన విడిగా రాయండి, అచ్చు పుస్తకం లేకపోతే కరదీపిక వరుసలో సున్నా వేయండి.

ఇంకో సంగతి, బదిలీలు. తెలంగాణలో 2022లో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పుడు శిక్షణ పొందిన టీచర్ మీ బడిలోనే ఇంకా ఉన్నారా? వెళ్లినవారు తమ కరదీపిక కూడా తీసుకెళ్లారా? దాని మీద వ్యక్తి పేరుంటే తీసుకెళ్తారు, బడి ముద్ర ఉంటే వదిలి వెళ్తారు. కాబట్టి ఇకమీద వచ్చే ప్రతి కరదీపిక మీద బడి స్టాంపు వేసి స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించమని కోరండి. చిన్న పనే, కానీ కొత్తగా వచ్చే టీచర్ ఖాళీ చేతులతో మొదలుపెట్టకుండా ఉంటారు.

బీరువా

తాళం మీరు అడగకండి, టీచర్‌నే తీయమనండి. ఏ వస్తువు కట్ట విప్పకుండా ఉందో చూసి, ఎందుకు అని నెమ్మదిగా అడగండి. నాకు ఎదురైన కారణాలు మూడే. చిరిగితే ఎవరు జవాబు చెప్పాలన్న భయం. ఎలా వాడాలో శిక్షణ ఇవ్వకపోవడం. పిల్లలు పాతికమంది ఉంటే సెట్లు పదే రావడం, కొందరికిస్తే మిగతావాళ్లు ఏడుస్తారని ఎవరికీ ఇవ్వకపోవడం.

మొదటిదానికి మందు ఎస్ఎంసీ చేతిలో ఉంది. కమిటీ సమావేశంలో ఒక తీర్మానం రాయించండి: "పిల్లలు చదవడం వల్ల చిరిగిన, మాసిన పుస్తకాలకు ఉపాధ్యాయులను బాధ్యులను చేయరాదని, ఏటా అలాంటివాటి జాబితాను కమిటీ ఆమోదించాలని తీర్మానించడమైనది." సంతకాలు పెట్టి ఒక నకలు ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకు ఇవ్వండి. నేను మొదట చెప్పిన ఆ బడిలో చేసింది ఇదే. నెల తర్వాత వెళ్తే గది గోడకు రెండు మేకుల మధ్య నైలాన్ తాడు కట్టి, దాని మీద కార్డులు బట్టల క్లిప్పులతో వేలాడదీసి ఉన్నాయి. తాడు పిల్లల భుజం ఎత్తులో ఉంది. ఒక కార్డు సగానికి చిరిగి, వెనక సెల్లోటేపు అంటించి ఉంది. ఆ టేపు చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

సెట్లు తక్కువైతే ఒకరికొకటి ఇవ్వాలన్న పట్టుదల వదిలేయమనండి. ఇద్దరికి ఒకటి, గుంపుకొకటి పెట్టి రోజూ మార్చుకుంటే సరిపోతుంది.

లైబ్రరీ పుస్తకాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం నిబంధనల్లో ప్రాథమిక పాఠశాలకు గ్రంథాలయ గ్రాంటు ఏడాదికి 5,000 రూపాయల వరకు ఉంది. దానితో వచ్చిన పుస్తకాలు వంద ఉన్నాయని రిజిస్టర్ చెప్తుంది. అందులో ఒకటో తరగతి బిడ్డ చదవగలిగేవి ఎన్నో అది చెప్పదు. ఒక పుస్తకం తెరిచి పేజీకి ఎన్ని పంక్తులున్నాయో చూడండి. రెండు మూడు పంక్తులు, పెద్ద అచ్చు, ఒత్తులు తక్కువ, బొమ్మ చూస్తే సగం కథ అర్థమయ్యేలా ఉంటే అది చిన్నపిల్లల పుస్తకం. పేజీ నిండా కిక్కిరిసిన అక్షరాలు, మూలన చిన్న నలుపు తెలుపు బొమ్మ ఉంటే అది ఐదో తరగతికి కూడా బరువే. చిన్నపిల్లలవి విడిగా లెక్కపెట్టి ఆ సంఖ్యే రాయండి. వందలో ఎనిమిది తేలిన బడులు నేను చూశాను.

గిరిజన గూడెంలో బడి అయితే ఇంకో ప్రశ్న కలపాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా అనే 8 భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టి, తెలుగు లిపిలో వాచకాలు తయారుచేశారు. మీరు వెళ్లిన ఊళ్లో పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఏ భాష, బీరువాలో ఉన్నది ఏ భాష వాచకం, దాన్ని చదివి వినిపించగలిగేవారు బడిలో ఉన్నారా, ఈ మూడూ రాయండి. భాష కలవకపోతే సంఖ్య సరిపోయినా పుస్తకం చేరనట్టే.

ఇప్పుడు రిజిస్టర్

మీ కాగితం నిండాక మాత్రమే రిజిస్టర్ తెరిపించండి. ఉదాహరణకు ఒకటో తరగతిలో 16 మంది నమోదయ్యారు. చేతిలో 9 వాచకాలు, బీరువాలో 1. రిజిస్టర్‌లో 14 వచ్చాయని ఉంది. రెండు వేర్వేరు సమస్యలు ఇక్కడ కలిసిపోయి ఉన్నాయి. 16కి 14 రావడం ఇండెంటు కొరత, పైనుంచి రావాలి. 14లో 10 మాత్రమే కనబడటం బడి లోపలి సంగతి, నాలుగు ఎక్కడున్నాయో హెచ్ఎం గారు చెప్పగలరు. ఇళ్లలో ఉండొచ్చు, ఆ రోజు రాని పిల్లల దగ్గర ఉండొచ్చు, వలస వెళ్లిన కుటుంబంతో పోయి ఉండొచ్చు, పక్క బడికి సర్దుబాటు చేసి రాయడం మరిచి ఉండొచ్చు. దొంగతనం అనే అనుమానం చివరన పెట్టుకోండి. ఈ రెండు లెక్కల్నీ కలిపి "ఆరు పుస్తకాలు లేవు" అని ఎమ్మార్సీకి వెళ్తే, "మేం 14 ఇచ్చాం, ఇదిగో సంతకం" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. రెండు పుస్తకాల కొరత గురించి మాత్రమే అక్కడ అడగండి.

తీసుకున్నట్టు తల్లిదండ్రులు పెట్టిన సంతకాల పట్టీ కూడా చూడండి. అన్ని సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉంటే ఇద్దరు ముగ్గురు తల్లులను దారిలో కలిసినప్పుడు అడగండి. అక్కడికక్కడే గొడవ పెట్టుకోవద్దు.

ఎమ్మార్సీలో

పుస్తకాలు జిల్లా గోదాం నుంచి మండలానికి, అక్కడి నుంచి కాంప్లెక్సుకో (చుట్టుపక్కల బడులన్నిటికీ కలిపి ఉండే కేంద్ర బడికో) నేరుగా బడికో వస్తాయి. ఎమ్మార్సీలో అడగాల్సింది ఒక్కటే: ఫలానా టైటిల్ మిగులు ఎక్కడుంది? ఒక బడిలో తక్కువ పడితే పిల్లలు తగ్గిన మరో బడిలో మిగులుతుంది. ఈ సర్దుబాటు కాంప్లెక్సు సమావేశం రోజు అయితే పది నిమిషాల పని, ఎందుకంటే టీచర్లందరూ ఒకేచోట ఉంటారు. ఎవరి దగ్గర ఏ టైటిల్ మిగిలిందో బోర్డు మీద రాయమని కాంప్లెక్సు హెచ్ఎం గారిని అడగండి. నా అనుభవంలో కొరత చాలావరకు ఇక్కడే తీరిపోయింది.

తీరకపోతే రాతపూర్వకంగా ఇవ్వండి. బడి పేరు, యూడైస్ కోడ్, తరగతి, టైటిల్, మీడియం, కావలసిన సంఖ్య. ఆరు వివరాలు, అరపేజీ. నకలు మీద తేదీతో అందినట్టు సంతకం తీసుకోండి. పదిహేను రోజులు చూసి మళ్లీ వెళ్లండి. అప్పటికీ జవాబు లేకపోతే సమాచార హక్కు చట్టం 2005 ఉంది. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఎక్కడా లేదు. "పుస్తకాలు ఎందుకు ఇవ్వలేదు?" అని రాయకండి. "ఈ విద్యా సంవత్సరంలో మా మండలానికి ఒకటో తరగతి తెలుగు వాచకాలు ఎన్ని వచ్చాయి, ఏ తేదీన ఏ బడికి ఎన్ని ఇచ్చారు, ప్రస్తుతం నిల్వ ఎంత, స్టాక్ రిజిస్టర్ నకలు ఇవ్వగలరు" అని రాయండి. 30 రోజుల్లో సమాధానం రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేసుకోవచ్చు.

ఈలోపు పిల్లలు ఖాళీగా కూర్చోకూడదు కదా. ఆ వారం చెప్పే పాఠం నాలుగు పేజీలు జిరాక్స్ తీయించి ఇవ్వండి, పుస్తకమంతా అక్కర్లేదు. కథలకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ ఉంది. 2015 నుంచి నడుస్తోంది, తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా దించుకుని అచ్చువేసుకోవచ్చు. ఒకటో తరగతికి మొదటి స్థాయి కథలే తీసుకోండి.

మళ్లీ వెళ్లడం

పుస్తకాలు వచ్చాయని ఫోన్ వచ్చాక వారం పది రోజులాగి వెళ్లండి. ముందు అడిగిన ఐదుగురినే మళ్లీ పిలవండి. కొత్తగా వచ్చిన రెండు వాచకాలు ఎవరికిచ్చారో టీచర్‌ను అడిగి ఆ ఇద్దరి పక్కన కూర్చోండి. పుస్తకం తెరవమనండి. ఏ పేజీ దగ్గర దానంతటదే తెరుచుకుంటుందో చూసి, ఆ పేజీ నంబరు మీ కాగితంలో తేదీ పక్కన రాసుకోండి.